మూతపడ్డ కర్మాగారాల నడుమ శిల్పం: చోటు ఎంపిక నుంచి నిర్వహణ దాకా

పనులు ఆగిపోయిన పారిశ్రామిక వాడలో శిల్పం నిలబెట్టాలన్న ఆలోచన చాలామందికి ఖాళీ స్థలాన్ని చూసినప్పుడే కలుగుతుంది. పొగగొట్టం మొదట్లో గడ్డి ఏపుగా పెరిగిన మైదానమో, పట్టాలు పీకేసిన రైలు దారో, రేకులు ఊడిపోయిన షెడ్డో కంటపడగానే అక్కడ ఒక పెద్ద ఆకృతి మనసులో లేచి నిలబడుతుంది. ఆ ఉత్సాహం మంచిదే కాని, శిల్పి కోసం వెతకడానికి ముందు ఆ చోటు నిజంగా ఖాళీగా ఉందో లేదో తేల్చుకోవాలి. నిర్లక్ష్యానికి గురైన వాడల్లో నిర్మానుష్యమైనవి చాలా తక్కువ. పెద్ద మిల్లు మూతపడినా దాని గోడవారన లేత్ మిషన్లు పెట్టుకున్నవారు, గోదాములు అద్దెకు తీసుకున్నవారు, రాత్రి కాపలా ఉండేవారు, అడ్డదారిన బస్సు కోసం నడిచి వెళ్లేవారు మిగిలే ఉంటారు. రేపు ఆ శిల్పంతో రోజూ బతకవలసింది, దానికి దెబ్బ తగిలితే అందరికంటే ముందు చూసేది వారే.

కాబట్టి కనీసం ఒక వారం పాటు ఆ వాడలో వేర్వేరు వేళల్లో నిలబడి చూడండి. తెల్లవారుజామున, షిఫ్టు మారే సమయంలో, మధ్యాహ్నపు ఎండలో, దీపాలు వెలిగాక, సెలవు రోజున. చేతిలో వాడ పటం ఉంచుకొని లారీలు మలుపు తిరిగే చోట్లు, అవి వెనక్కి రావడానికి వాడుకునే జాగా, నీరు నిలిచే పల్లాలు, జనం కూర్చునే అరుగులు గుర్తించుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా కాలిబాటలను గమనించండి. గడ్డి మధ్య సన్నగా, నున్నగా, గట్టిపడిన మట్టి గీత కనిపించిందంటే అక్కడ ఏళ్ల తరబడి మనుషులు నడుస్తున్నారని అర్థం. ఏ నక్షాలోనూ లేకపోయినా అది ఆ వాడకు రాజమార్గమే. దానికి అడ్డంగా ఎంత గొప్ప శిల్పం పెట్టినా మొదటి రోజు నుంచే దానిపై కోపం మొదలవుతుంది.

ఇందుకు అందరూ గుర్తుంచుకోవలసిన ఉదాహరణ న్యూయార్క్‌లోని ఫెడరల్ ప్లాజాలో 1981లో శిల్పి రిచర్డ్ సెర్రా నిలబెట్టిన ‘టిల్టెడ్ ఆర్క్’. సుమారు 36 మీటర్ల పొడవు, 3.6 మీటర్ల ఎత్తు ఉన్న ఉక్కు పలక ఆ ఆవరణను అడ్డంగా చీల్చింది. చుట్టుపక్కల కార్యాలయాల ఉద్యోగులు రోజూ దాని చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చింది. 1985లో జరిగిన బహిరంగ విచారణలో మాట్లాడినవారిలో ఎక్కువమంది శిల్పాన్ని ఉంచాలనే అన్నారు. అయినా విచారణ సంఘం తొలగించాలనే తీర్పు చెప్పింది, 1989లో ఆ పలకను ముక్కలుగా విడదీసి తీసుకుపోయారు. ఆ చోటు కోసమే చేసిన శిల్పాన్ని అక్కడి నుంచి కదిలించడమంటే నాశనం చేయడమేనని సెర్రా వాదించాడు. ఆ వాదనలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. కాని రోజూ ఆ ఆవరణను దాటేవారిని పని మొదలుకాకముందే కలుపుకొని ఉంటే వ్యవహారం విచారణ దాకా వెళ్లేది కాదేమోనని కూడా అనిపిస్తుంది.

వాడ మనుషులతో మాట్లాడడం

సంప్రదింపుల సభ పెట్టి నాలుగు బొమ్మలు చూపించి చేతులెత్తమనడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. ‘మీకు ఏ శిల్పం కావాలి’ అని అడిగితే ఎవరైనా తమకు తెలిసిన రూపాన్నే చెబుతారు: కొలిమి దగ్గర కార్మికుడు, పళ్ల చక్రం, సుత్తి. దానికి బదులు అక్కడ ఏ పని జరిగేదో, ఏ చప్పుడు ఏ వేళకు వినిపించేదో, ఎవరు ఎక్కడ గాయపడ్డారో, ఏ గేటు దగ్గర జీతం అందేదో అడగండి. బయటివారికి తమ వాడ ఎలా కనబడాలని వారు కోరుకుంటున్నారో అడగండి. ఈ జవాబులను ఉన్నవి ఉన్నట్టు శిల్పికి అందజేయాలి. వాటిని సొంత మాటల్లో కుదించి రాస్తే అసలు విషయం జారిపోతుంది.

ఇంగ్లండులోని సెయింట్ హెలెన్స్ దగ్గర, 1991లో మూతపడిన సటన్ మేనర్ బొగ్గు గని స్థలంలో జరిగింది దీనికి మంచి నిదర్శనం. అక్కడ శిల్పం చేయడానికి వచ్చిన జౌమే ప్లెన్సా మొదట గని కార్మికుని దీపాన్ని గుర్తుచేసే రూపాన్ని ప్రతిపాదించాడు. దాన్ని ఒప్పుకోనిది ఎవరో కాదు, ఆ గనిలో పనిచేసినవారే. గడిచిన కాలానికి స్మారకం వద్దని, రాబోయే తరాలవైపు చూసే రూపం కావాలని వారు కోరారు. ప్లెన్సా ఆ మాటను గౌరవించి మళ్లీ మొదటి నుంచి ఆలోచించాడు. 2009లో ఆ గుట్టమీద నిలిచిన ‘డ్రీమ్’ కళ్లు మూసుకున్న బాలిక ముఖం, 20 మీటర్ల ఎత్తు, తెల్లని కాంక్రీటు. బొగ్గు నల్లదనానికి ఎదురుగా ఆ తెలుపు నిలబడడంలో ఉన్న అర్థం ఏ సలహాసంఘమూ కూర్చుని కనిపెట్టగలిగేది కాదు. ఒప్పందంలో మొదటి ప్రతిపాదనను మార్చుకోవడానికి గడువు, దానికి తగిన పారితోషికం విడిగా కేటాయించడం ఎందుకు అవసరమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మరొక సంగతి దాచకుండా చెప్పాలి. శిల్పం వస్తే భూముల ధర పెరుగుతుందని ఆశపడేవారు కొందరు ఉంటారు, అద్దె పెరిగి తమ షెడ్డు ఖాళీ చేయవలసి వస్తుందని భయపడేవారు మరికొందరు ఉంటారు. రెండవవారి భయం ఉత్త భయం కాదు. ఆ స్థలంపై అధికారం ఉన్న సంస్థ చిన్న పనివారి విషయంలో ఏం చేయబోతోందో ముందుగానే రాతపూర్వకంగా అడిగి తెలుసుకొని, ఆ జవాబును వాడలో అందరికీ చెప్పండి. ఖాళీ చేయించే ఉద్దేశం ఉందని తెలిస్తే శిల్పాన్ని దానికి ముఖద్వారంగా నిలబెట్టడానికి ఒప్పుకోకండి.

నేల కింద ఏముందో

పారిశ్రామిక స్థలంలో యాజమాన్యం సాధారణంగా చిక్కుముడిగా ఉంటుంది. పైన నేల ఒకరిది, దాని గుండా పోయే రైలు దారి హక్కు మరొకరిది, తలపై విద్యుత్తు తీగలు ఇంకొకరివి, కింద పైపులు ఎవరివో తెలియనివి. వీటన్నిటి వివరాలు, అనుమతులు రాతలో చేతికి వచ్చేదాకా గడ్డపార వేయకూడదు. పాత కర్మాగారపు నక్షాలు దొరికితే వాటిని భద్రంగా చదవండి. అద్దకం తొట్టెలు, నూనె ట్యాంకులు, బాయిలరు గది, చెత్త పారబోసిన గుంట ఎక్కడ ఉండేవో తెలిస్తే మట్టి నమూనాలు ఎక్కడ తీయాలో తెలుస్తుంది.

మట్టి పరీక్ష రెండు రకాలుగా చేయించాలి. ఒకటి నేల ఎంత బరువు మోయగలదో చెప్పేది, రెండవది అందులో ఏ విషం దాగి ఉందో చెప్పేది. సీసం, ఆర్సెనిక్, నూనె అవశేషాలు, ఆస్బెస్టాస్ ముక్కలు అటువంటి నేలల్లో తరచుగా కనిపిస్తాయి. అవి కదలకుండా కప్పబడి ఉన్నంతవరకు చేసే హాని తక్కువ, పునాది కోసం తవ్వితే దుమ్ముగా పైకి లేస్తాయి. లోతైన పైల్ పునాది, అంటే నేలలోకి నిలువుగా దింపే కాంక్రీటు స్తంభాల పునాది వేస్తే పై పొరలోని కాలుష్యం భూగర్భ జలంలోకి దిగడానికి దారి ఏర్పడవచ్చు. అటువంటి చోట లోతుగా తవ్వకుండా వెడల్పుగా పరచిన కాంక్రీటు పలక పునాదిమీద, సొంత బరువుతోనే నిలబడే శిల్పాన్ని ఎంచుకోవడం మేలు. అంటే మట్టి నివేదిక శిల్పి చేతికి రూపం ఆలోచించడానికి ముందే అందాలి. సియాటిల్‌లో పాత చమురు నిల్వ కేంద్రం స్థలంలో 2007లో తెరిచిన ఒలింపిక్ స్కల్ప్చర్ పార్క్‌లో కలుషితమైన మట్టిని కొంత తొలగించి, మిగిలినదానిపై శుభ్రమైన మట్టిని మందంగా కప్పి, ఆ కొత్త నేలమీదే శిల్పాలు పెట్టారు.

గని ప్రాంతమైతే నేల లోపల బోలు ఉండవచ్చు. ఇంగ్లండులోని గేట్స్‌హెడ్‌లో ఆంటొనీ గోర్మ్‌లీ చేసిన ‘ఏంజెల్ ఆఫ్ ద నార్త్’ 20 మీటర్ల ఎత్తు, ఒక రెక్క కొన నుంచి మరో రెక్క కొన దాకా 54 మీటర్ల వెడల్పు, సుమారు 200 టన్నుల బరువు ఉన్న ఉక్కు ఆకృతి. పాత గని ఆవరణలోని గుట్టమీద, గాలికి తెరచాపలాగా ఎదురు నిలిచే ఆ రెక్కలను ఆపడానికి 20 మీటర్ల లోతు కాంక్రీటు పైల్స్‌ను గట్టి రాతిదాకా దింపారు. చూపరికి కనిపించే ఎత్తు ఎంతో, కనిపించని లోతు కూడా అంతే. ఖర్చు అంచనాలో ఈ కనిపించని సగాన్ని తగ్గించి రాయడం తరచుగా జరిగే పొరపాటు, తరువాత దాన్ని పూడ్చడానికి దీపాలు, నిర్వహణ వంటివాటికి కోత పెడతారు.

ఎత్తు, దూరం, రూపం

పారిశ్రామిక వాడలో ఎత్తైనవి ముందే ఉన్నాయి: పొగగొట్టాలు, నీళ్ల ట్యాంకులు, క్రేన్లు. వాటితో పోటీపడే శిల్పం దాదాపు ఎప్పుడూ ఓడిపోతుంది. శిల్పం దూరం నుంచి, వేగంగా పోయే వాహనం నుంచి కనబడాలా, లేక దగ్గరగా నడిచి వచ్చేవారి కోసమా అన్నది మొదటే నిర్ణయించుకోవాలి. ‘టిల్టెడ్ ఆర్క్’ చేసిన సెర్రాయే 1998లో జర్మనీలోని ఎస్సెన్‌లో గని వ్యర్థాలు పోసిన దిబ్బమీద సుమారు 15 మీటర్ల ఎత్తైన ఒకే ఒక ఉక్కు పలకను నిలువుగా నాటాడు. దిబ్బ పైభాగాన్ని చెట్లు నాటకుండా బోడిగానే వదిలేశారు, అందువల్ల ఆ పలకకూ ఆకాశానికీ మధ్య మరేదీ లేదు. రోజూ దాటవలసిన ఆవరణలో గోడలా తోచిన ఉక్కు, ఎక్కి వెళ్లి చూడవలసిన దిబ్బమీద తీర్థస్థలంలా మారింది. ఒక్కోసారి ఉన్న కట్టడానికి వెలుగివ్వడమే సరిపోతుందన్న సంగతి కూడా మరవకూడదు. డూయిస్‌బుర్గ్‌లో 1985లో ఆగిపోయిన ఉక్కు కర్మాగారపు కొలుములను కూల్చకుండా ఉద్యానవనంగా మార్చి, రాత్రిపూట రంగు దీపాలతో వెలిగిస్తున్నారు. దాని పక్కన కొత్త శిల్పం ఏది పెట్టినా చిన్నబోయేది.

చిన్న నమూనా చూసి పరిమాణాన్ని ఒప్పుకోకండి. బల్లమీద అరచేతి ఎత్తున అందంగా కనిపించిన రూపం స్థలంలో ఎక్కడో తప్పిపోయినట్టు కనబడవచ్చు. పరంజా కట్టి, దానికి గుడ్డ చుట్టి అసలు ఎత్తునే నిలబెట్టి, రెండు మూడు రోజులు ఉంచండి. లారీ డ్రైవరు ఎత్తైన సీటు నుంచి చూడండి, గేటులోంచి బయటికి వస్తూ చూడండి, మెరిసే లోహమైతే సాయంత్రపు ఎండ దానిపై పడి ఎవరి కళ్లలోకి తిరిగి వస్తుందో చూడండి. మలుపు దగ్గర ఎదురుగా వచ్చే బండిని అది కప్పేస్తే ఇక ఆలోచించనక్కరలేదు, చోటు మార్చాలి.

ఏ లోహం, ఏ బిగింపు

పారిశ్రామిక స్థలాల్లో తుప్పు పొరే రక్షణగా ఉండే ఉక్కును, అంటే కోర్‌టెన్ వంటిదాన్ని వాడడం అలవాటైపోయింది. రంగు అవసరం లేదని, అలా వదిలేయవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ ఉక్కులో కలిసిన రాగి, క్రోమియం వంటివాటి వల్ల పైన బిగుతైన తుప్పు పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడే మాట నిజమే, కాని ఆ పొర కట్టాలంటే ఉక్కు తడుస్తూ, ఆరుతూ ఉండాలి. నీరు నిలిచిన చోట, ఆకులు పేరుకున్న మూలలో, రెండు పలకలు ఒకదానిమీద ఒకటి ఆనిన సందులో అది ఆరదు, అక్కడ మామూలు ఇనుములాగే తినేసుకుపోతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట కూడా ఇది నమ్మదగినది కాదు.

అటువంటి శిల్పం మొదలు దగ్గర కూర్చుని ఒకసారి పరిశీలించండి. ఉక్కు పలక కాంక్రీటు దిమ్మెను తాకే గీత వెంట వేలి వెడల్పు సందు, అందులో నల్లని తడి మట్టి, సిగరెట్టు పీకలు కనిపిస్తాయి. అక్కడి నుంచి నారింజ రంగు చారలు దిమ్మె ముఖం మీదుగా జారి కాలిబాట రాళ్లమీదికి పాకి ఉంటాయి. ఆ చారలు ఎంత రుద్దినా పూర్తిగా పోవు. శిల్పం చెడిపోయిందని జనం అనుకునేది చాలాసార్లు ఈ మరకలు చూసే. దిమ్మెకు వాలు ఇచ్చి, నీరు కారే చోటు చుట్టూ కంకర పరచి, పలక అడుగున నీరు బయటికి పోయే రంధ్రాలు వదిలితే ఈ సమస్య పుట్టదు. ఇవన్నీ తయారీ నక్షాలోనే ఉండాలి, నిలబెట్టాక చేసేవి కావు.

ఉప్పుగాలి, రసాయనపు ఆవిరులు ఉన్న చోట స్టెయిన్‌లెస్ స్టీల్ ఎంచుకుంటే 304 రకం కంటే 316 రకం బాగా తట్టుకుంటుంది. రెండు వేర్వేరు లోహాలు నేరుగా తగిలితే తడిలో వాటిలో ఒకటి త్వరగా క్షీణిస్తుంది కాబట్టి మధ్యలో విద్యుత్తు ప్రసరించని వాషర్లు వేయాలి. కంచు, రాగి విషయంలో దొంగతనం భయం ఉంది. 2005 డిసెంబరులో హెన్రీ మూర్ చేసిన, రెండు టన్నులకు పైగా బరువున్న కంచు శిల్పాన్ని ఇంగ్లండులో ఆయన పేరిట ఉన్న ఫౌండేషను ఆవరణ నుంచే క్రేను ఉన్న లారీలో ఎత్తుకుపోయారు. దాన్ని పాత లోహంగా కరిగించేశారని పోలీసులు భావించారు. 2011 డిసెంబరులో లండనులోని ఒక పార్కులో బార్బరా హెప్‌వర్త్ శిల్పానిదీ అదే గతి. రాత్రిళ్లు మనుషులు తిరగని వాడలో, పాత ఇనుము కొనేవారు దగ్గరలోనే ఉన్న చోట, విలువైన లోహాన్ని అమ్మడానికి వీలైన ముక్కలుగా నిలబెట్టకూడదు. బోల్టుల తలలు బయటికి కనబడకుండా లోపలి నుంచి బిగించాలి.

గాలి గురించి మరింత జాగ్రత్త అవసరం. మాంచెస్టర్‌లో 2005లో థామస్ హెదర్‌విక్ నిలబెట్టిన ‘బి ఆఫ్ ద బ్యాంగ్’ 56 మీటర్ల ఎత్తు, ఒకే చోటు నుంచి చిమ్మినట్టు వెలువడే 180 ఉక్కు ముళ్లు. ఆవిష్కరణకు కొద్ది రోజుల ముందే ఒక ముల్లు కొన ఊడిపడింది, తరువాత మరిన్ని వదులయ్యాయి, 2009లో మొత్తం విప్పేశారు. సన్నగా పొడవుగా ఉండే ఏ భాగమైనా గాలికి ఒక లయలో ఊగుతుంది, ఆ ఊపు వెల్డింగు అతుకును రోజురోజుకూ అలసటకు గురిచేస్తుంది. అందువల్ల శిల్పితో కలిసి పనిచేసే ఇంజనీరు లెక్కలను, ఆ పనితో సంబంధం లేని మరొక ఇంజనీరు చేత సరిచూపించడం తప్పనిసరి.

పిల్లలు ఎక్కుతారనే భావించి రూపొందించండి. ‘ఎక్కరాదు’ అన్న బోర్డును నమ్ముకోకూడదు. డూయిస్‌బుర్గ్‌లోనే పాత జింకు కర్మాగారపు వ్యర్థాల గుట్టమీద 2011లో హైకె ముట్టర్, ఉల్రిచ్ గెన్త్ కట్టిన ‘టైగర్ అండ్ టర్టిల్’ రోలర్‌కోస్టరు ఆకారంలో ఉన్న మెట్ల శిల్పం. జనం దానిపై నడుస్తారు, గుండ్రంగా తలకిందులయ్యే భాగానికి మాత్రం దారి మూసి ఉంటుంది. ఎక్కాలన్న కోరికను గుర్తించి, దానికి దారి చూపించి, ప్రమాదం ఉన్న చోట ఆపారు.

ముందు తాత్కాలికంగా

చోటు గురించి ఇంకా సందేహం ఉంటే శాశ్వత శిల్పంతో మొదలుపెట్టవలసిన పని లేదు. న్యూయార్క్‌లో నది ఒడ్డున చెత్త పారబోసే స్థలాన్ని 1986లో శిల్పి మార్క్ డి సువెరో, ఇతర కళాకారులు, చుట్టుపక్కలవారు కలిసి శుభ్రం చేసి సాక్రటీస్ స్కల్ప్చర్ పార్క్‌గా మార్చారు, అక్కడ శిల్పాలు వస్తూ పోతూ ఉంటాయి. జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరంలో 1977 నుంచి పదేళ్లకొకసారి జరిగే శిల్ప ప్రదర్శనలో చాలావరకు పనులు గడువు తీరాక వెళ్లిపోతాయి, కొన్నింటిని మాత్రం నగరం ఉంచుకుంటుంది. ఈ పద్ధతి నాకు ఎంతో ఇష్టం. ఒక ఏడాది పాటు నిలిచిన శిల్పాన్ని తీసేసినప్పుడు వాడవారు దాని గురించి అడిగితే, ఆ చోటు శాశ్వత శిల్పానికి సిద్ధమైందని ధైర్యంగా అనుకోవచ్చు.

తాత్కాలికమైనా శాశ్వతమైనా, శిల్పం రాకముందే మురుగు కాల్వ పూడిక తీయించి, దీపాలు వెలిగేలా చేసి, కూర్చోవడానికి నీడ ఉన్న అరుగు కట్టించండి. ఆ పనులు జరగని చోట శిల్పం వస్తే ‘కాల్వకు లేని డబ్బు దీనికి ఎక్కడిది’ అన్న ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఒప్పందం, రవాణా, తరువాతి ఏళ్లు

ఒప్పందంలో శిల్పం ఎవరి సొత్తు, మరమ్మతు ఎవరు చేయాలి, కదిలించవలసి వస్తే శిల్పిని ఎలా సంప్రదించాలి, ఎన్నేళ్ల తరువాత తొలగించవచ్చు అన్నవి స్పష్టంగా ఉండాలి. శిల్పానికి డబ్బు చెల్లించినంత మాత్రాన దాన్ని ఏమైనా చేసే హక్కు రాదు. అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని ఢిల్లీ విజ్ఞాన్ భవన్ నుంచి తొలగించి పాడుచేసిన వ్యవహారంలో 2005లో ఢిల్లీ హైకోర్టు, కొనుగోలు చేసినవారు ప్రభుత్వమే అయినా, శిల్పి నైతిక హక్కులను, అంటే అమ్మిన తరువాత కూడా తన కృతిని పాడుచేయకుండా అడ్డుకునే హక్కు వంటివాటిని సమర్థించింది. న్యూయార్క్‌లో ‘ఫైవ్ పాయింట్జ్’ అనే పాత కర్మాగారపు గోడలపై ఉన్న చిత్రాలకు 2013లో రాత్రికి రాత్రి సున్నం కొట్టించిన యజమాని 67 లక్షల డాలర్ల పరిహారం చెల్లించాలని 2018లో తీర్పు వచ్చింది. పారిశ్రామిక భూమి చేతులు మారుతూనే ఉంటుంది కాబట్టి, కొత్త యజమానికి కూడా ఈ షరతులు వర్తించేలా రాయించుకోవాలి.

రవాణాకు ముందు దారి మొత్తం నడిచి కొలవండి. తీగల ఎత్తు, కల్వర్టుల బలం, ట్రైలరు తిరగడానికి కావలసిన జాగా, క్రేను కాళ్లు ఆనించే నేల గట్టిదనం, వీటిలో ఏ ఒక్కటి సరిపడకపోయినా శిల్పాన్ని మరిన్ని భాగాలుగా చేయవలసి వస్తుంది. గేట్స్‌హెడ్ శిల్పం దేహం ఒకటి, రెక్కలు రెండుగా మూడు భాగాలుగా వచ్చింది, స్థలంలోనే కలిపారు.

నిర్వహణ పుస్తకాన్ని శిల్పి చేతనే రాయించండి. ఏ రంగు, ఏ సంఖ్య. ఏ వెల్డింగు కడ్డీ. ఏ బోల్టు ఎంత బిగింపు. దేనితో కడగాలి, దేనితో కడగకూడదు. గోడరాతలు పడితే ఏ ద్రావకం. ఈ పనులకు డబ్బు శిల్పం ఖర్చుతోపాటే విడిగా జమ చేయాలి, ఏటా అడిగి తెచ్చుకునే పద్ధతి రెండు మూడేళ్లకు మించి నడవదు. పక్కనే వెల్డింగు షాపు నడిపే మనిషి ఉంటే చిన్న మరమ్మతులు రుసుముతో ఆయనకే అప్పగించడం మంచిది. రోజూ కళ్లముందు ఉండేదానిలో వచ్చిన మార్పు ఆయనకే ముందు తెలుస్తుంది.

మొదటి ఏడాది నెలకొకసారి ఒకే నాలుగు చోట్ల నుంచి, ఒకే వేళకు ఫొటోలు తీసి తేదీతో భద్రపరచండి. మొదటి పెద్ద వాన వెలిసిన మరునాడు తప్పక వెళ్లి, దిమ్మె అంచులు, అడుగున వదిలిన రంధ్రాలు చూడండి. పుల్ల పెట్టి మట్టి తీసేయండి. నీరు ఎక్కడ ఆగిందో సుద్దముక్కతో గీత గీసి, అది ఎన్ని గంటలకు ఆరిందో పుస్తకంలో రాసి పెట్టండి.